జపాను బొమ్మల కథలు: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఎప్పుడు చూసినా జపాను బొమ్మల పుస్తకాలు ముందు పెట్టుకుని ఉంటాడు. ఇరవై ఏళ్లు వచ్చినా ఈ చిన్నపిల్లల చదువేమిటని వాళ్ల నాన్నగారు మొన్న వాటిని పాత కాగితాలవాడికి తూకానికి వేసేశారు. అప్పటినుంచి వాడు మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాడిని ఈ వ్యసనం నుంచి ఎలా తప్పించాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మొట్టమొదట చేయవలసినది, అమ్మా, ఆ పుస్తకములను మరల కొని యిచ్చుట. తక్కిన మాటలన్నియు దాని తరువాతివి. బొమ్మల పుస్తకమైనను, వ్యాకరణమైనను, పంచాంగమైనను, ప్రేమతో చదువుచున్నవాని వెనుకచాటున దానిని తూకమునకు వేయుటకు తండ్రికైనను అధికారము లేదని నా దృఢవిశ్వాసము. మీ లేఖలోని ఆ వాక్యము చదివిన పిమ్మట చాలసేపటివఱకు రెండవ లేఖ విప్పజాలకపోతిని.

ఇక "చిన్నపిల్లల చదువు" అను మాట. బొమ్మ యున్నచోట బాల్యము తప్ప మఱొకటి యుండదని మనలో పాతుకొనియున్న అభిప్రాయమునకు జపాను దేశమున తావు లేదు. అచ్చట బాలురకు, బాలికలకు, యువకులకు, ఉద్యోగములు చేయు నడివయసు స్త్రీపురుషులకు వేరువేరుగా మాంగా యను బొమ్మల కథల పత్రికలు వెలువడుచుండును. ఆ కళకు ఆధునికరూప మిచ్చినవారిలో అగ్రగణ్యుడైన ఒసాము తెజుకా (1928–1989) వైద్యవిద్య నభ్యసించి, వైద్యుడుగా యోగ్యతాపత్రము పొందియు, రోగులను చూచుటకు మారుగా బొమ్మల కథలకే తన జీవితమును ధారపోసెను. ఆయన 1972 మొదలు 1983 వఱకు రచించిన "బుద్ధ" యను బృహద్గ్రంథము, ఆకలిచే మంచులో పడిపోయిన వృద్ధసన్న్యాసికి తన శరీరమునే ఆహారముగా నీయదలచి మంటలో దూకిన కుందేలు కథతో, అనగా మన జాతకకథతో, ఆరంభమగును. అటుపిమ్మట కథను నడుపువారు రాజకుమారులు గాక ఒక బానిసబాలుడును, అంటరానివాడని త్రోసివేయబడిన యింకొక బాలుడును అగుట చూచిన పాఠకుడు, ఈ పరదేశి మన పురాణమును తీసికొని మన సమాజమును ప్రశ్నించుచున్నాడని గ్రహింపక తప్పదు. దీని ఆంగ్లానువాదము మన దేశముననే ఎనిమిది సంపుటములుగా అచ్చయినది.

హిరోషిమాపై అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6వ తేదీన కేజి నకజావా ఆరేండ్ల బాలుడు. పాఠశాల ప్రహరీగోడ అడ్డుపడుటచే ఆతడు బ్రదికెను. తండ్రియు, అక్కయు, తమ్ముడును కూలిన యింటిక్రింద చిక్కి అగ్నికి ఆహుతియైరి. ఇరువదేండ్లు గడచిన పిమ్మట తల్లి మరణింపగా, దహనానంతరము చితాభస్మములో ఏరుకొనుటకు ఎముక యొక్కటియు మిగులలేదట. ఆ క్షోభ ఆ బాంబును గూర్చి వ్రాయుటకు ఆతనిచేత కలము పట్టించెను. 1973లో మొదలైన "బేర్‌ఫుట్ గెన్" ఆ జీవితమునుండి పుట్టినదే. అది తొలుదొల్త వెలువడినది బాలుర వారపత్రికలోనే. మీ వారు తూకమునకు వేసిన కట్టలో ఇట్టిది ఉన్నదో లేదో ఆయనకు తెలియునా? అట్టను తెరచి చూచిరా?

మాంగాలన్నియు ఉత్తమములని నా వాదము కాదు. క్రౌర్యమును, అసభ్యతను అమ్ముకొనునవి అందును కొల్లలుగా కలవు; పదేండ్ల బాలుని చేతిలో నుండదగనివి కలవు. కాని మీ కుమారునికి ఇరువదేండ్లు. పరీక్షలు తప్పుచున్నాడన్న మాట మీ లేఖలో ఎక్కడను లేదు. బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947లో స్థాపించిన "చందమామ"ను తాతయు మనుమడును పోటీపడి చదివిన యిండ్లు మనవి. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రము చూచి మురిసిన పెద్దలను చూచి ఎవరును సిగ్గుపడియుండలేదు. కావున మీ వారిని మీ అబ్బాయి గదికి పంపుడు. "వీనిలో అన్నిటికంటె మంచిది ఏదిరా, నాకొకటి ఇమ్ము" అని అడుగమనుడు. ఒక్క సంపుటమును ఆయన పూర్తిగా చదువవలెను. వాడు మాటలాడుట లేదని కదా మీ బెంగ. ఆ దినమున వానిని ఆపుటయే కష్టమగును.

ప్రశ్న: ఈ పుస్తకాలను కుడినుంచి ఎడమకు చదవాలట. మనకు వీలుగా తిప్పి అచ్చు వేయకూడదా?
– అనకాపల్లి నుండి ఒక పాఠకుడు

జవాబు: బొమ్మను తిప్పినచో కుడిచేత కత్తి పట్టినవాడు ఎడమచేతివాడగును, తిప్పకుండుటయే మేలు. రెండవ సంపుటమునకు మీ కన్ను అలవాటుపడును.

ప్రశ్న: నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, హాస్టల్లో ఉంటాను. రాత్రి రెండింటిదాకా ఫోనులో మాంగా చదవడం అలవాటైంది. "నరుటో" మొత్తం నెలలోపే అయిపోయింది. తరువాత "అటాక్ ఆన్ టైటన్", "డీమన్ స్లేయర్" చదివాను. ఇప్పుడు ఎవరైనా కథ అడిగితే సగం గుర్తు రావడం లేదు. కొత్తది ఏది మొదలుపెట్టినా రుచించడం లేదు. తప్పక చదవాల్సినవాటి జాబితా ఒకటి ఇవ్వగలరా?
– కొండాపూర్ నుండి ఒక యువకుడు

జవాబు: జాబితా ఈయను, నాయనా. విస్తరిలో వడ్డించిన పదార్థములనన్నిటిని ఒక్కముద్దగా కలిపి మ్రింగినవాడు పప్పు రుచి యెట్టిదో, పులుసు రుచి యెట్టిదో చెప్పలేడు. అట్టివానికి వంటకముల సంఖ్య పెంచుట వైద్యము కానేరదు.

మసాషి కిషిమోటో "నరుటో"ను 1999లో ఆరంభించి 2014లో ముగించెను: 700 అధ్యాయములు, 72 సంపుటములు. ఆరవ తరగతిలో నుండగా మొదటి అధ్యాయము చదివిన జపాను బాలుడు, చదువు ముగించి, ఉద్యోగమున కుదురుకొనిన పిమ్మట గాని తుది అధ్యాయము చదువలేదు. కథానాయకుడు పెరిగినంత కాలము తానును పెరిగెను; వారము వారమును నిరీక్షించెను; తరువాత ఏమగునో యని స్నేహితులతో వాదులాడెను; ఆ నిరీక్షణమంతయు కథలో నొక భాగమై వాని రక్తమున కలిసిపోయెను. నీవు ఆ పదునైదేండ్లను నెలదినములలో దాటితివి. గుర్తు లేకపోవుటలో వింత యేమున్నది?

ఒక వారపు అధ్యాయము వెనుకనున్న శ్రమ యెట్టిదో తెలిసినవాడు పుటను అంత త్వరగా త్రిప్పడు. అధ్యాయమునకు పందొమ్మిది పుటలు, కొంచెము అటునిటుగా. ఏ గడిలో ఎవరు నిలువవలెనో, ఏ మాట ఏ బుడగలో పడవలెనో చూపు చిత్తుప్రతిని రచయిత మొదట గీచి సంపాదకునికి చూపును. ఆతడు అంగీకరించిన పిమ్మట పెన్సిలుతో బొమ్మలు దిద్ది, లోహపు పాళీని నల్లసిరాలో ముంచి వానిపై గీతలు నడుపును. వెనుకనుండు ఇండ్లను, చెట్లను, జనసమూహములను సహాయకులు పూరింతురు; నీడలకై సన్నని చుక్కలు అచ్చువేసిన పొరలను కత్తిరించి అతికింతురు. నేడు పలువురు ఈ పనిని కంప్యూటరుపై చేయుచున్నారు గాని, చేతి శ్రమ తగ్గినదే తప్ప గడువు పెరుగలేదు. ఇదంతయు ఏడు దినములలో ముగియవలెను. ముగిసిన మఱునాడు మరల మొదలు. అంతటితో పోవునా? "షోనెన్ జంప్" వంటి పత్రికలో పాఠకులు పంపు అభిప్రాయములను లెక్కించి, ఆదరణ క్షీణించిన కథను కొలది కాలములోనే నిలిపివేయుదురు. "బెర్సెర్క్" కర్త కెంటారో మియురా, 1989 నుండి గీచుచున్న తన గ్రంథమును ముగింపకయే, 2021 మే 6వ తేదీన ఏబదినాలుగేండ్ల వయసున మరణించెను. ఆయన బాల్యస్నేహితుడు కౌజి మోరి, తాను మిత్రుని నోట వినియున్న కథను జ్ఞాపకముంచుకొని, శిష్యులచేత దానిని కొనసాగించుచున్నాడు. అట్టి గీతలను నీ బొటనవ్రేలు ఒక్క తోపుతో పైకి నెట్టివేయుచున్నది.

నిదానముగా చదువుట యనగా నేమో ఒక చోటు చూపి చెప్పెదను. తకెహికో ఇనోవె గీచిన "స్లామ్ డంక్" (1990–1996) 31 సంపుటముల బాస్కెట్‌బాల్ కథ. అందు సకురగి యను మొరటు కుఱ్ఱవాడును, రుకావా యను గర్విష్ఠియు ఒకే జట్టులో నుండియు మొదటి నుండి ఒకరిపై నొకరు కస్సుమనుచుందురు. ఒకనికొకడు బంతి యందీయుటయే నామోషి. తుది పోటీలోని చివరి క్షణములకు వచ్చునప్పటికి ఇనోవె మాటలను దాదాపు పూర్తిగా తొలగించివైచెను. ప్రేక్షకుల కోలాహలము లేదు, వ్యాఖ్యానము లేదు. పరుగిడు కాళ్లు, చెమట, కండ్లు, బంతి, ఇంతియే. రుకావా చేతినుండి బంతి సకురగికి వచ్చును, ఆతడు ఎగిరి వేయును, అది పడును. ఆ పిమ్మట ఎదురెదురుగా నున్న రెండు పుటలను నిండించిన ఒకే బొమ్మలో ఆ వైరు లిద్దఱి అరచేతులు ఒకదానినొకటి చఱచుకొనును. మాటలు లేవు గదా యని తొందరపడువాడు ఈ పుటలను గడియలో దాటిపోవును. ముప్పది సంపుటముల వైరమును తన మనస్సులో నిలుపుకొనివచ్చినవాడు మాత్రము అచ్చట ఊపిరి బిగబట్టి కూర్చుండును. ఫోనుతెరపై ఆ రెండు పుటలు ముక్కలై కనబడును. కావున అచ్చుప్రతినే సంపాదించి చూడుము. ఆదివారమున ఆబిడ్స్ కాలిబాటలపై పాతపుస్తకములు పఱచియుందురు. వెదకువానికి మాంగాలు కూడ దొరకుచుండును. వెదకుటలో పోవు ఆ ప్రొద్దు వృథా కాదు.

నీ లేఖలో నీవు వ్రాయని సంగతి యొకటి నాకు తోచుచున్నది. పరాయి యూరి హాస్టలు గదిలో రాత్రి రెండు గంటలవఱకు మేలుకొని చదువువానికి కథకంటె తోడు కావలసియున్నది. అందుచేత జాబితాకు మారుగా ఒక్కటే పేరు చెప్పుదును: చికా ఉమినో 2007 నుండి రచించుచున్న "మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్". తల్లిదండ్రులను, చెల్లెలిని ప్రమాదములో పోగొట్టుకొని, షోగి యను జపాను చదరంగమునే వృత్తిగా చేసికొని, తోక్యో నగరమున నది యొడ్డున ఒంటిగదిలో జీవించు పదునేడేండ్ల రేయి కథ యిది. వంతెన దాటి వెళ్లినచో పాతపేటలో అకారి, హినాత, మోమొ యను ముగ్గురు అక్కచెల్లెండ్ర యిల్లు. అచ్చట తాతగారి మిఠాయి దుకాణము, పిల్లులు, పొగలు క్రక్కు అన్నము. రేయి గదిలో మొదట తెరలు కూడ లేవు, సామాను లేదు. ఆ యింటిలో కాలుపెట్ట చోటు లేదు. ఈ రెండు చోట్లను ఉమినో ఎట్లు గీచినదో, తెల్లని ఖాళీని ఎచ్చట విడిచినదో, ఎచ్చట గడి నిండ వస్తువులను క్రిక్కిఱిసినదో గమనింపుము.

దినమునకు ఒక్క అధ్యాయము. చదివిన పిమ్మట అందులో నీకు నచ్చిన ఒక గడిని పెన్సిలుతో నోటుపుస్తకములో చూచి గీయుము. బొమ్మ వంకరగా వచ్చినను సరే, గీచునప్పుడు నీ కన్ను ఆ గడిలో పది నిమిషములు నిలుచును, నాకు కావలసినది అదే. పదింటికి ఫోనును దూరముగా పెట్టుము. ప్రక్కగదివానితో కలిసి భోజనము చేయుము. మీ అమ్మగారికి ఫోను చేసి ఎన్నాళ్లయినదో నీవు వ్రాయలేదు, నేను అడుగుచున్నాను.

ప్రశ్న: జపాను బొమ్మల సినిమాలను (అనిమే) తెలుగు డబ్బింగులో చూడటం మంచిదా, జపాను మాటలు వింటూ కింద అక్షరాలు చదవడం మంచిదా? స్నేహితులు నన్ను వెక్కిరిస్తున్నారు.
– ఒంగోలు

జవాబు: మీ ఇంటిల్లిపాదికి ఏది అర్థమగునో అది. "డోరేమాన్"ను తెలుగున విని పెరిగిన తరము తెలుగును చూచి సిగ్గుపడనేల?

ప్రశ్న: నా మనవడు డల్లాసులో ఉంటాడు. తొమ్మిదేళ్లు. తెలుగు కొద్దిగానే వచ్చు. వీడియోలో మాట్లాడితే జపాను బొమ్మల సినిమాల సంగతి తప్ప వేరే ఎత్తడు. నాకా పేర్లు కూడా నోరు తిరగవు. రెండు నిమిషాలకే "బై అమ్మమ్మా" అని వెళ్లిపోతాడు. వాడితో ఏం మాట్లాడాలో చెప్పండి.
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మగారూ, మీరు ఏమియు మాటలాడనక్కఱలేదు, వానినే చెప్పనిండు. "నాకు తెలియదురా నాన్నా, నీవే చెప్పు" అనునంతటి తీయని మాట ఆ వయసు పిల్లవానికి మఱొకటి లేదు. పెద్దలకు తెలియనిది తనకు తెలిసినదన్న ఉత్సాహములో వాడు వచ్చీరాని తెలుగునే తడుముకొని వాడుకొనును. ఏ ఆదివారపు తరగతియు చేయలేని పనిని ఆ ఉత్సాహము చేయును.

హయావో మియజాకి 1988లో తీసిన "మై నైబర్ టొటోరో"ను మీరిద్దఱును ఒకే వేళకు చూడుడు. తల్లి ఆసుపత్రిలో నుండుటచే ఆమెకు దగ్గఱగా నుండవలెనని తండ్రితో పల్లెటూరు చేరిన అక్కచెల్లెండ్ర కథ అది. దుష్టుడు లేడు, యుద్ధము లేదు. అడవిలో నొక పెద్ద రోమశజంతువు. దాని సంగతి మీ మనుమడే చెప్పును. మీరు చూడవలసినది ప్రక్కయింటి ముసలమ్మను. తన తోటలో కోసి చల్లని నీటిలో వేసియుంచిన దోసకాయలను ఆ పిల్లలతో కూర్చుండి కఱకఱ కొఱుకు ఆమెను చూచినప్పుడు మీకు ఆ దేశము పరాయిదని తోచదు. చిన్నపిల్ల మేయి, అమ్మకు పెట్టినచో జబ్బు తగ్గునని నమ్మి, ఒక మొక్కజొన్నపొత్తును కౌగిలించుకొని బయలుదేరును. ఆ పొత్తు ఏమైనదో వానిని అడుగుడు. మీ చిన్ననాటి తోట సంగతి అప్పుడు వానికి చెప్పుడు; వాడు వినును.

ఒక హెచ్చరిక: అదే దినమున, అదే ప్రదర్శనలో జతగా విడుదలయైన ఇసావొ తకహతా చిత్రము "గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్" మహోత్కృష్టమైనదే గాని, యుద్ధకాలమున అనాథలైన అన్నాచెల్లెండ్ర ఆకలిచావును చూపు దానిని తొమ్మిదేండ్లవానికి చూపవలదు.

తరువాత "రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ". జపాను దేశీయుడైన యుగో సాకో రామకథను చదివి ముగ్ధుడై, మన రామ్‌మోహన్‌గారిని, తన దేశపు కోయిచి సాసాకిని కలుపుకొని 1992లో పూర్తిచేసిన చిత్రమిది. 2025 జనవరిలో తెలుగు మాటలతోను మన థియేటర్లకు వచ్చినది. ఇందు కథ మీది, బొమ్మ మీ మనుమనిది. లంకాదహనమునకు వచ్చునప్పటికి ఎవరు ఎవరికి చెప్పుచున్నారో కూడ మీకు తెలియదు.

ప్రశ్న: అధికారికంగా కొనడానికి విద్యార్థులకు డబ్బెక్కడిది? అందరూ దొంగ ప్రతులే చదువుతున్నారు. ఇందులో తప్పేముంది?
– నెల్లూరు

జవాబు: తప్పున్నది. వారము దినములు నిద్ర కాచి గీచినవానికి ఒక్క పైసయు చేరనీయక చదివి, ఆ రచయితపై భక్తి కలదనుట చెల్లదు. ప్రచురణకర్తలైన షుయేషా వారే 2019 నుండి "మాంగా ప్లస్" అను పేర అనేక కథల మొదటి అధ్యాయములను, క్రొత్త అధ్యాయములను ఆంగ్లమున ఉచితముగా అందించుచున్నారు. నలుగురు మిత్రులు చందాలు వేసికొని నెలకొక సంపుటము కొని చేతులు మార్చుకొనుడు. నెలకు ఒక్కటే వచ్చునందురా? అది చాలును, ఆ ఒక్కటి నలుమాఱులు చదువుడు.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపులవాళ్లు వస్తే నా మాంగాల బీరువా కనపడకుండా అమ్మ దానిమీద దుప్పటి కప్పుతోంది. "అత్తవారింటికి ఇవన్నీ మోసుకెళ్తావా?" అంటోంది. వచ్చినవాళ్లకు ముందే చెప్పనా, వద్దా?
– వరంగల్ నుండి ఒక పాఠకురాలు

జవాబు: దుప్పటి తీసివేయుము, తల్లీ. వీణ నేర్చినదన్నచో ముందుగదిలోనికి తెచ్చి చూపెడి మనము, పుస్తకములు చదువుననుటను కప్పిపెట్టుట యెంత వింత! నీ బీరువాలో "ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్" 27 సంపుటములును ఉన్నచో మీ అమ్మగారికి ఒక మాట చెప్పుము: దానిని రచించిన హిరోము అరకావా ఒక స్త్రీ; హొక్కాయ్‌దో ద్వీపమున పాడిపంటల కుటుంబమున పుట్టి, ఆవులను సాకుచు, పొలముపని చేయుచు బొమ్మలు గీచుట నేర్చినది. చచ్చిన తల్లిని బ్రదికించుకొనబోయి తమ్ముడు శరీరమంతటిని, అన్న ఒక కాలును ఒక చేతిని పోగొట్టుకొన్న అన్నదమ్ముల ఆ కథలో, కష్టపడక పొందునది ఏదియు లేదన్న సత్యము ప్రతి సంపుటమునను కనబడును. ఇది దాచవలసిన చదువు కాదు.

వచ్చిన వరుడు "ఏమి చదువుదురు?" అని అడిగినచో ఒక సంపుటము చేతికిమ్ము. ఆతడు చదువనక్కఱలేదు, దానిని ఎట్లు పట్టుకొనునో చూడుము. నవ్వి ప్రక్కన పడవేయువాడు రేపు నీ ఉద్యోగమును, నీ స్నేహితులను, నీ అభిప్రాయములను అట్లే పడవేయును. ఇద్దఱికి ఒకే అభిరుచి ఉండనక్కఱలేదు. ఎదుటివారి అభిరుచికి చోటిచ్చు గుణము ఉండవలెను. బీరువా నీతో వచ్చునని పెండ్లిమాటలనాడే చెప్పుము.

ప్రశ్న: అనిమే చూసి జపాను భాష నేర్చుకోవచ్చా? ఇప్పటికే చాలా మాటలు పట్టుబడ్డాయి.
– తిరుపతి

జవాబు: చెవికి అలవాటు పట్టుబడును, భాష పట్టుబడదు. సాహసకథల నాయకులు ఒకరినొకరు "ఒరేయ్" అని పిలుచుకొను ధోరణిలో మాటలాడుదురు. ఆ పలుకుబడితో గురువు ముందు నోరు విప్పితిరా, ఆయన మొగము చిట్లించును. ముందు హిరగానా 46 అక్షరములు, కటకానా 46 అక్షరములు వ్రాయుట నేర్వుడు. నిత్యవ్యవహారమునకు నిర్ణయించిన 2136 చీనాలిపి అక్షరములను చూచి భయపడవలదు. బాలుర మాంగాలలో ప్రతి చీనా అక్షరము ప్రక్కను దాని ఉచ్చారణ చిన్న హిరగానాలో అచ్చువేసి యుండును. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జపాను భాష బోధించుచున్నారు. సామర్థ్యపరీక్షలు ఎన్5 మొదలు ఎన్1 వఱకు అయిదు మెట్లు. చదువుటకు కియోహికో అజుమా రచించిన "యోత్సుబాతో" మొదటి సంపుటము తెచ్చుకొనుడు: అయిదేండ్ల పిల్ల, క్రొత్త యిల్లు, ఇరుగుపొరుగు, ఎండ, వాన, అన్నియు ఇంటిమాటలే. మొదటి పుటకు ఒక పూట పట్టును. మఱునాడు అదే పుటను మరల చదివిన పిమ్మటనే రెండవ పుటకు పొండు.